మేక కొరికిన ఎక్స్‌రే

ఎర్రబండపల్లి,
గార్లదిన్నె మండలం,
సెప్టెంబరు 3.

మా లహరికి,

మామ బయ్యన్న రాసేదేమంటే, ఈడ అందరమూ బాగుండాము, వాన ఒక్కటే బాగలేదు. వస్తాననింది, గార్లదిన్నె దాకా వచ్చింది, ఆడినుంచి వెనక్కి పోయింది. శెనక్కాయ ఊడలు దిగి మొగులు వైపు చూస్తాండాది. ఫోన్ చేయొచ్చు గదా మామా అంటావు. చేస్తే నువ్వు చెప్పేది నా చెవుడుకు వినపడదు, నేను అరిచేది వీధి వీధంతా వింటుంది. ఇది వీధికి తెలియాల్సిన సంగతి కాదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మీ అత్త యశోదమ్మకు నెల దినాలుగా దగ్గు. అనంతపురంలో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, లైటుకు పట్టి చూసి, ఊపిరితిత్తిలో కుడిపక్క పైన రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ ఉండాదన్నాడు. "ఇది ఏందో ఇట్ల చూసి చెప్పలేం పెద్దాయనా, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాల. ఇరవై ఐదో తేదీ రాండి" అన్నాడు. ముక్క తీసేదేమి? మార్కెట్ యార్డులో శెనక్కాయ మూటకు కొక్కి గుచ్చి కాయ లాగి చూస్తారే, మనిషి కూడా అట్లనేనా? ఆ మాట విన్నప్పటినుంచి మీ అత్త రెండు ముద్దల సంగటి కూడా తినలేకపోతాంది. నాకైతే భయమేమీ లేదు.

ఆ ఫిల్ము దీంతో పంపుతాండాను. పేరు అచ్చేసిన మూల మేక కొరికింది. మిగతాదంతా బాగనే ఉండాది. నువ్వు బెంగుళూరులో అంత పెద్ద ఆసుపత్రిలో ఉండావు కాబట్టి ఎవరైనా మంచి డాక్టరుకు చూపించు. నిజం డాక్టరుకు చూపించు, అంటే చెయ్యి పట్టుకొని నాడి చూసి, చీటీ రాసి, సూది వేసే డాక్టరుకు. నువ్వు చదివింది ఫోటోల చదువని నాకు తెలుసు. తప్పుగా అనుకోవద్దు.

ఇట్లు,
చెవులు పోయినా కళ్ళు బాగుండే నీ మామ
బయ్యన్న

తా.క. నిన్న గార్లదిన్నె కల్వర్టు మీద పోతాంటే మన సైకిలు గుర్తొచ్చింది. నీ పదో తరగతి లెక్కల పరీక్ష రోజు నువ్వు వెనక కూర్చొని సూత్రాలు అప్పజెప్పుకుంటాంటే, నేను అవి వినుకుంటా గుంత చూడలేదు. ఇద్దరమూ పడినాము, నీ మోకాలు చెక్కుకపోయింది. నీకు తొంభై ఎనిమిది వచ్చినాయి. ఆ రెండు మార్కులు నేను పోగొట్టినవే.

~

బెంగుళూరు,
సెప్టెంబరు 7.

మామకు నమస్కారాలతో లహరి,

ఫిల్ము భద్రంగా చేరింది. వచ్చిన గంటలోనే చూశాను.

మంచి డాక్టరుకు చూపించమన్నావు. మామా, ఈ ఆసుపత్రిలో నాడి చూసే డాక్టర్లు, చీటీ రాసే డాక్టర్లు, సూదులేసే డాక్టర్లు, అందరూ ఎక్స్‌రేలు పట్టుకుని ఒక గదికి వస్తారు. "ఇదేమిటో చూసి చెప్పండి" అని అడుగుతారు. ఆ గదిలో కూర్చుని చెప్పేది నేనే. నీడలు బాగా కనబడాలని గది చీకటిగా ఉంచుతాం. పొద్దున ఫిల్ములు చదువుతూ చిన్న డాక్టర్లకు నేర్పిస్తాను. మధ్యాహ్నం కంప్యూటరుకు నేర్పిస్తాను, అది కూడా మాలాగే ఎక్స్‌రే చూసి మచ్చ పట్టుకునేలా. నాలుగేళ్ళుగా ఆ పనిమీదే ఉన్నాను. ఈ నెల ఇరవై రెండున నన్ను అసోసియేట్ ప్రొఫెసరు చేయాలా వద్దా అని ఇంటర్వ్యూ ఉంది. "మీ కంప్యూటరు పనివల్ల ఎవరికి ఏం ఒరిగింది?" అని అడుగుతారు. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

అత్త ఫిల్ము కంప్యూటరుకూ చూపించాను. "చెప్పలేను" అంది. దాన్ని తప్పు పట్టలేను. అది చూసినవన్నీ పట్నం ఛాతీలు, ఎర్రమట్టి దుమ్ము పీల్చిన మన ఛాతీలు దానికి కొత్త.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఇలాంటి మచ్చకు అన్నిటికంటే మంచి పరీక్ష పాత ఫిల్ము. ఎప్పుడో ఏళ్ళ కింద తీసిన ఎక్స్‌రేలో కూడా ఈ మచ్చ ఇదే చోట, ఇంతే ఉంటే, అది మానిపోయిన పాత జబ్బు గుర్తు, అంతే. సూది అక్కర్లేదు. పాతది దొరక్కపోతే ఇరవై ఐదున వెళ్ళక తప్పదు. కాబట్టి ఇల్లంతా వెతికి పాత ఫిల్ములు పంపు. అత్తవీ, నీవీ కూడా. ఇద్దరూ పీల్చింది ఒకే దుమ్ము కదా.

ఇంకో మాట. బీడీ పొగ పక్కనున్న వాళ్ళకూ చేటే. అత్త కోసం ఈ రోజునుంచి నువ్వు బీడీలు మానెయ్యాలి.

ధైర్యం చెబుతూ,
నీ ఫోటోల డాక్టరు
లహరి

తా.క. మేక కొరికిన మూల చూశాను. చాలా తిన్నగా కొరికింది. మా వీధి టైలరు కూడా అంత తిన్నగా కత్తిరించలేడు. ఆ మేకను జాగ్రత్తగా చూసుకో.

~

ఎర్రబండపల్లి,
సెప్టెంబరు 11.

లహరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి ఏడ్చినానమ్మా. ఇన్నాళ్ళూ మాకు చెప్పకుండా ఎంత దాచిపెట్టుకున్నావు!

రోగులను చూడనీకుండా చీకటి గదిలో కూర్చోబెట్టినారు. అది చాలదని యంత్రానికి చదువు చెప్పమన్నారు. నాలుగేళ్ళు చెప్పినా అది "చెప్పలేను" అంటుందంట. మన తిమ్మమ్మ మనవడు రెండు దినాలు బడికి పోయి ఏ బస్సు ఏ ఊరికి పోతుందో చదువుతాండాడు! ఎవరితో గొడవ పడినావు? నీకు నోరు ఎక్కువని నాకు తెలుసు, ఆ నోరు మన ఇంటిదే. ఇప్పుడేమో పాత ఫిల్ములు ఏరుకొచ్చే పని కూడా పెట్టినారు. మన ఊరికి నెలకొకసారి ఒకాయన మోపెడ్ మీద వచ్చి, పాత ఎక్స్‌రేలు తీసుకొని ప్లాస్టిక్ బక్కెట్లిస్తాడు. అందులో వెండి ఉంటుందంట. నా మేనకోడలికి ఆ గతి పట్టించినారే అని రెండు పూటలు నాకు ముద్ద దిగలేదు.

అట్లని ఊరకుండలేదు. మన మండలం నాయకుడు రాజేంద్ర దగ్గరికి పోయినాను. "ఏమప్పా రాజేంద్రా, మన ఊరి ఆడబిడ్డను బెంగుళూరోళ్ళు చీకట్లో పెట్టినారు, నువ్వుండి ఏం లాభం?" అన్నాను. ఆయన అప్పటికప్పుడు లెటర్‌ప్యాడ్ తీసినాడు. "ఎవరన్నా మన పిల్లను ముట్టుకొనేది? చెప్పు, రాస్తా" అన్నాడు. నేను చెప్తాంటే ఆయన రాసినాడు. కింద స్టాంపు రెండుసార్లు కొట్టినాడు. మీ పెద్ద డాక్టరు పేరుమీద రిజిస్టరు పోస్టులో పంపించేసినాను. ఇరవై రెండు లోపల చేరుతుంది. ఇంక నీకు భయం లేదు.

ఫిల్ముల సంగతి. నువ్వు అడిగినావు కాబట్టి, నీకు అక్కరకొస్తాయని ఊరంతా తిరిగి నలభై ఒకటి పోగు చేసినాను. బస్సు పార్సిలులో వస్తాండాయి. చానా వరకు శెనక్కాయ చేన్లల్లో దొరికినాయి. కట్టెలకు కట్టి పెడితే గాలికి పటపటమంటే అడవిపందులు రావు. ఇవి పంపినాక నిన్న రాత్రే రామాంజులు చేన్లో పందులు పడినాయి. ఆయన నాతో మాట్లాడడం లేదు.

మారెమ్మ మాత్రం మొదట ఇయ్యననింది. ఆమె దగ్గరున్నది మొగుడు ఎర్రిస్వామి ఎక్స్‌రే, ఆయన పోయి ఐదేండ్లయింది. "ఆయప్పది ఫోటో ఇదొక్కటే ఉండాది బయ్యన్నా, మల్లా తెచ్చిస్తావా?" అని అడిగింది. తెచ్చిస్తానని మాట ఇచ్చినాను. అది మర్చిపోవద్దు.

ఎందుకని అందరూ అడిగితే యశోదకు బాగలేదని చెప్పాల్సి వచ్చింది. ఆనాటినుంచి ఇంటికి కషాయాలు వస్తాండాయి. రోజుకు ఏడు రకాలు.

నీ కోసం ఎంతకైనా తెగించే
మామ బయ్యన్న

తా.క. బీడీలు మానేసినాను. మీ అత్త కోసం. మూడో దినానికి నా చెయ్యి వణుకుతాంటే మీ అత్త నవ్వుతాంది. జబ్బు మనిషి అంత నవ్వకూడదని చెప్పు.

~

బెంగుళూరు,
సెప్టెంబరు 16.

మామా!

ఎవరు రాయమన్నారు ఆ ఉత్తరం? నన్ను ఎవరూ శిక్షించలేదు. ఈ గది కోసం నేను పదకొండేళ్ళు చదివాను. పోటీ పడి తెచ్చుకున్నాను. ఇంకో నెల గడిచాక రాసి ఉన్నా బాధలేదు, సరిగ్గా ఇంటర్వ్యూ ముందే రాశావు. రాజేంద్రన్నకు చెప్పి ఎలాగైనా వెనక్కి తెప్పించు. పైనుంచి ఒత్తిడి తెస్తున్నానని అనుకుంటే నా నాలుగేళ్ళ పని పోతుంది.

కోపంలో అన్నాను. నా కోసమే పోయావని తెలుసు. అయినా కోపమే.

పార్సిలు అందింది. నలభై ఒక్క ఫిల్ములూ రెండు రాత్రులు కూర్చుని చూశాను. మోకాళ్ళు పదమూడు, నడుములు తొమ్మిది, చేతులు ఆరు, ఒక దవడ. ఛాతీలు పదకొండే. అందులో మన ఇంటివి లేవు. ఎర్రిస్వామి పెదనాయన ఫిల్ము తుడిచి, అట్టల మధ్య పెట్టి, అన్నిటికంటే ముందు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మారెమ్మ పెద్దమ్మ చేతికే ఇవ్వు. ఆయన గుండె పెద్దదని కూడా చెప్పు. నిజంగానే పెద్దది, ఫిల్ములో కనబడుతోంది.

మిగతా ఛాతీలు కంప్యూటరుకు చూపించాలంటే వాటి మనుషుల ఒప్పుకోలు కావాలి. కాగితాలు పెట్టాను, చదివి వినిపించి సంతకాలు తీసుకో. ఇష్టం లేనివాళ్ళను బలవంతం చేయకు. రాజేంద్రన్నను తీసుకుపోకు.

ఇక అసలు సంగతి. ఇరవై ఐదుకు తొమ్మిది రోజులే ఉంది. తొమ్మిదేళ్ళ కింద గార్లదిన్నెలో ఉచిత వైద్య శిబిరం పెట్టినప్పుడు మీ ఇద్దరికీ ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఆ రోజు నేను సెలవులకు వచ్చి అక్కడే ఉన్నాను. ఆ ఫిల్ములు ఏమయ్యాయి? గుర్తు చేసుకో. బక్కెటుకు ఇచ్చేశారా? ఇంకెక్కడైనా వాడారా? అదొక్కటి దొరికితే సూది తప్పుతుంది. నా ఇంటర్వ్యూ కంటే నాకు అదే ముఖ్యం.

ఎదురుచూస్తూ,
లహరి

తా.క. నలభై ఒకటని రాశావు గానీ నలభయ్యే ఎక్స్‌రేలు. నలభై ఒకటోది రాజేంద్రన్న పుట్టినరోజు ఫ్లెక్సీ ముక్క. కంప్యూటరుకు చూపిస్తే దానికి కూడా "చెప్పలేను" అంది.

~

ఎర్రబండపల్లి,
సెప్టెంబరు 19.

లహరీ,

దొరికింది!

మోటారు షెడ్డు కిటికీకి అద్దం పగిలితే ఆనాడు నేనే ఈ ఫిల్ము పెట్టి మేకులు కొట్టినాను. బోరు ఎండిపోయి మూడేండ్లాయె, షెడ్డు తలుపు తీసిన పాపాన పోలేదు. మీ అత్తకు గుర్తొచ్చింది. నేను పోయి మేకులు ఊడబెరికి, దుమ్ము దులిపి, ఇప్పుడే బస్సు డ్రైవరు చేతిలో పెట్టినాను. ఒక్కటే ఉండాది. రెండోది మీ అత్త దోసె పిండి గిన్నె మీద మూతకు కత్తిరించిందంట. దీని మీద పేరు లేదు. మీ అత్తదే అనుకో.

రాజేంద్ర ఉత్తరం వెనక్కి రాదంట. చేరినట్టు కార్డు కూడా వచ్చింది. నేను మూర్ఖుణ్ణి. నిన్ను పైకి లేపాలని పోయి కిందికి లాగినానేమో. నువ్వు తిట్టింది తక్కువే. ఆ డాక్టర్ల కాళ్ళమీద పడమన్నా పడతాను, చెప్పు.

నువ్వు పంపిన కాగితాలు చదివి వినిపిస్తే అందరూ సంతకాలు పెట్టినారు, అవి కూడా ఫిల్ముతోనే పంపినాను. మారెమ్మకు ఫిల్ము ఇచ్చినాను. గుండె పెద్దదని నువ్వు చెప్పినట్టు చెప్పినాను. "నాకు తెలీదా" అని లోపలికి పోయి చానా సేపు బయటికి రాలేదు.

లహరీ, ఇప్పుడు రాసేది నువ్వు ఎవరికీ చెప్పవద్దు. మీ అత్త అడుగుతాంది. ఆ మచ్చ చెడ్డదైతే ఎన్ని దినాలుంటుంది? శెనక్కాయ పెరికేదాకా ఉంటుందా? ఎద్దులను ఇప్పుడే ఎవరికైనా మంచోళ్ళకు అప్పజెప్పాలా? సూది గుచ్చితే లోపలుండేది మేలుకుంటుందని ఎవరో చెప్పినారంట, నిజమా? పొద్దున చేన్లోకి పోతే ప్రతి గెనిమ గట్టు మీదా కూర్చొని చూసుకొని వస్తాంది. ఊర్లో ఎవరికీ చెప్పలేక, ఇంట్లో కూడా చెప్పలేక, నీకు రాయమనింది. నువ్వు చిన్నపిల్లవు, నిన్ను ఇట్లాంటివి అడగకూడదు. కానీ అడిగే మనిషి ఇంకెవరూ లేరు.

మీ అత్త తరఫున,
బయ్యన్న

తా.క. మీ అత్తకు భయంతో చేతులు వణుకుతాండాయి. అందుకే ఈ ఉత్తరంలో అక్షరాలు వంకర పోయినాయి.

~

బెంగుళూరు,
సెప్టెంబరు 23.

మామా,

ఈ ఉత్తరం చేరేలోపే రామాంజులన్నకు ఫోన్ చేసి మూడే మాటలు చెప్పి రమ్మన్నాను. "సూది వద్దు. భయం లేదు. లహరి." నీతో మాట్లాడడం మానేసిన మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పి ఉంటాడని నా నమ్మకం.

మోటారు షెడ్డు ఫిల్ము తుడిచి లైటు మీద పెట్టాను. పక్కనే కొత్తది పెట్టాను. అదే చోట, అదే మచ్చ. స్కేలుతో కొలిచాను, తొమ్మిదేళ్ళలో వెంట్రుకంత పెరగలేదు. ఎప్పుడో చిన్న వయసులో వచ్చి, ఎవరికీ తెలియకుండా మానిపోయిన జబ్బు వదిలిన గుర్తు అది. నా ఒక్కదాని మాట చాలదని మా పెద్ద ప్రొఫెసరుగారికి విడిగా చూపించాను, ఆయనా అదే చెప్పారు. అనంతపురం డాక్టరుగారితో కూడా మాట్లాడాను, ఆయన సరేనన్నారు. ఒకసారి ఇక్కడికి వస్తే స్కాను తీస్తాం. పడుకుని లేవడమే. దగ్గు బీడీలది, దుమ్ముది. బీడీలు మానాక తగ్గుతూ ఉండాలి.

వానలు పడే ఊర్లో అయితే కిటికీలో పెట్టిన ఫిల్ము ఎప్పుడో బూజు పట్టి పోయేది. ఎర్రబండపల్లిలో వాన రాదు కాబట్టి బతికింది. మన కరువు ఇన్నేళ్ళకు మనకొక మేలు చేసింది మామా.

ఇక ఇంటర్వ్యూ. నలుగురు పెద్దలు కూర్చున్నారు. మా డీన్‌గారు కన్నడం ఆయన, తెలుగు చదవలేరు. "మీ ఊరినుంచి రెండు స్టాంపుల ఉత్తరం వచ్చింది, ఏం రాశారో చదివి చెప్పండి" అని నా చేతికే ఇచ్చారు. నా కోసం రాసిన సిఫారసును నేనే నిలబడి ఇంగ్లీషులో చెప్పాను. మా ఊరి ఆడబిడ్డను చీకట్లో కూర్చోబెట్టినారు. ఒక్క రోగిని కూడా ఇయ్యలేదు. చెప్పినా తలకెక్కని యంత్రానికి పాఠాలు చెప్పిస్తాండారు. వెంటనే ఒక స్టెతస్కోపు, కిటికీ ఉండే గది ఇప్పించవలెను. చదవడం అయ్యాక కాగితం మడిచి బల్ల మీద పెట్టాను. నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు పెద్ద ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను ముప్పై ఏళ్ళుగా కిటికీ అడుగుతున్నాను, ఈ మామను నాకూ ఇవ్వండి" అన్నారు. అందరూ నవ్వారు. డీన్‌గారు మాత్రం నవ్వు ఆపి, "ఈయనకు మీ పని ఏమిటో ఎలా చెబుతారు?" అని అడిగారు. మామా, నేను రెండు వారాలుగా తేల్చుకోలేని జవాబు నువ్వు బస్సులో పంపించావు. సంచిలోంచి రెండు ఫిల్ములూ తీసి ఆయన గది కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాను. ఒక మనిషిని ముట్టుకోకుండా సూది ఎలా తప్పించామో చెప్పాను. కొత్త ఫిల్ము ఒక్కటే చూసి "చెప్పలేను" అన్న కంప్యూటరు, పాతది పక్కన పెడితే "మార్పు లేదు" అని ఎలా చెప్పిందో చెప్పాను. మన ఊరి ఛాతీలు పది చూపించి, ఇలాంటివి పది వేలు దానికి నేర్పితే ఎన్ని ఊర్లకు భయం తప్పుతుందో చెప్పాను.

నేను ఇప్పుడు అసోసియేట్ ప్రొఫెసర్ని. కిటికీ ఉండే గది కూడా ఇచ్చారు. ఎక్స్‌రేలు కనబడడం లేదని దానికి నల్లగుడ్డ కట్టించుకున్నాను. రాజేంద్రన్నకు ఈ సంగతి చెప్పకు.

చివరిగా ఒక మాట. మేక మూల కొరికింది గానీ ఎముకలను కొరకలేదు మామా. రెండు ఫిల్ముల్లోనూ ఎడమ భుజం దగ్గరి ఎముక ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కుని ఉంది. ఆ ఎముక ఎప్పుడు విరిగిందో నాకు తెలుసు. గార్లదిన్నె కల్వర్టు దగ్గర, లెక్కల పరీక్ష రోజు, పొద్దున ఎనిమిదిన్నరకు. నువ్వు లేచి, నా మోకాలికి తువ్వాలు కట్టి, ఒంటిచేత్తో సైకిలు తోసుకుంటూ నన్ను హాలు దాకా చేర్చావు. మూడు గంటలు బయట అరుగు మీద విరిగిన ఎముకతో కూర్చున్నావు. నేను బయటికి రాగానే "ఎట్ల రాసినావు?" అని నవ్వావు. ఇంటికి వెళ్ళి పడిపోయాక గానీ ఎవరికీ తెలియలేదు.

నీ మొదటి ఉత్తరంతో వచ్చిన ఫిల్ము లైటు మీద పెట్టిన నిమిషంలోనే అది ఎవరి ఛాతీనో నాకు తెలిసింది. అయినా అత్త, అత్త అనే రాస్తూ వచ్చాను. బీడీలు నీ కోసం అంటే మానేవాడివి కాదు.

ఆ రోజు నువ్వు దాస్తే నాకు కనబడలేదు. అప్పటికి నాకు ఎక్స్‌రే చదవడం రాదు. ఇప్పుడు వచ్చు. ఇంకెప్పుడూ నా దగ్గర దాచకు.

ఆ సైకిలు వెనక కూర్చున్న పిల్ల,
లహరి

తా.క. మోటారు షెడ్డు ఫిల్ముకు చుట్టిన పేపరు మడతలో అత్త రాసిన చీటీ ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "లహరీ, ముందు పంపిందీ ఇదీ నీ మామ ఫిల్ములే. పేరుండే మూల ఆయన కత్తిరించింది నా కత్తెరతోనే, ఆ కత్తెర యాడ పెట్టినాడో ఇంకా తెచ్చియ్యలేదు. ఫిల్ములు అడిగేదానికి వంకగా ఊర్లో నా పేరు చెప్పినానన్నాడు. నాకు నిజం తెలుసని ఆయనకు తెలీదు, తెలిస్తే సిగ్గుపడతాడని ఊరకుండాను. మనకు మేకలే లేవు. నాకు ఏ రోగమూ లేదు గానీ ఈ ఊరోళ్ళ కషాయాలు తాగి తాగి వచ్చేటట్టుంది. ఫలితం తొందరగా చెప్పు తల్లీ."